మర్యాద పిలుపు

కితగాకి షూజో తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాడు. ఒక బూటు కాలికి ఉంది, రెండోది చేతిలో ఉంది. అవతల వరండాలో పక్కింటావిడ తాళం వేస్తోంది. ఆవిడ మెట్లు దిగి, చెత్త సంచీ పడేసి, వీధి మలుపు తిరిగేదాకా ఈయన బయటికి రాడు. ఆవిడ మీద కోపమా అంటే అదేం లేదు, పాపం మంచి మనిషే. కానీ ఎదురుపడితే పలకరించాలి, పలకరించాక మెట్లు కలిసి దిగాలి, దిగుతున్నంతసేపూ ఏదో ఒకటి మాట్లాడాలి. ఎండా వానా సంగతి మొదటి అంతస్తులోనే అయిపోతుంది. ఆ తర్వాత మనుషులు ఏం మాట్లాడుకుంటారో, యాభై ఏడేళ్లొచ్చినా ఆయనకు అంతుపట్టలేదు.

దుకాణం తలుపు దానంతటది తెరుచుకుంటే దానికీ "క్షమించండి" అంటాడు. రోడ్డు దాటేటప్పుడు తన కోసం కారు ఆగితే పరుగెడుతున్నట్టు చేతులు తెగ ఊపుతాడు, కాళ్లు మాత్రం మామూలు నడకే నడుస్తాయి. ముందు తెలిసినవాళ్లెవరైనా వెళుతుంటే వాళ్లను కలుసుకోకుండా ఆగి, వంగి, బూటు తాళ్లు కట్టుకుంటాడు. ఆయన బూట్లకు తాళ్లు లేవు. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. మా క్యోటో వాళ్లు చూసీ చూడనట్టు ఉండటంలో ఆరితేరినవాళ్లు కాబట్టి ఎవరూ ఏమీ అనరు.

ఆ రోజు తలుపు దగ్గర ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. రాత్రి స్నానపు తొట్టిలో కూర్చుని ఒక వాక్యం వల్లె వేశాడు. "మీకు అభ్యంతరం లేకపోతే, నేను ఎప్పుడైనా మిమ్మల్ని చూడటానికి రావచ్చా?" అంతే. దీన్ని సాయంత్రంలోగా హమానాకా ఫుమియే గారితో చెప్పాలి. రేపటినుంచి ఆమె ఈ ఊళ్లో ఉండదు.

ఆయన పని మిఠాయిలు పెట్టే అట్టపెట్టెలు చేసే కార్ఖానాలో. అట్ట మడిచి మూలలు అతికించడం ఆయన వంతు. దాని మీద రంగు కాగితం చుట్టి, గాలి బుడగ మిగలకుండా అరచేత్తో రుద్దడం ఫుమియే గారి వంతు. ఏళ్ల తరబడి ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. ఆమె తొత్తోరి జిల్లా నుంచి కోడలిగా వచ్చిన మనిషి. భర్త పోయాడు, ఇప్పుడు సొంతూళ్లో అక్క దగ్గరికి వెళ్లిపోతోంది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, ఎవరింటికో వెళ్లి లేవబోతుంటే ఆ ఇంటావిడ "అన్నంలో టీ పోసుకుని నాలుగు ముద్దలు తిని వెళ్దురు గానీ" అందట. మా ఊళ్లో ఆ మాటకు అర్థం, ఇక లేవమ్మా అని. ఈవిడ నిజమనుకుని కూర్చుని, ఊరగాయ కూడా అడిగి వేయించుకుని మరీ తిన్నది. ఏడాదిపాటు వీధంతా అదే చెప్పుకుంది. ఇప్పటికీ ఆమె ఆ కథ చెప్పి పగలబడి నవ్వుతుంది.

ఆమె ఎదురుగా కూర్చుంటే షూజోకు మాటలు వెతుక్కోవాలనే బాధ ఉండేది కాదు. పూటంతా మాట్లాడకపోయినా ఆమె ఏమీ అనుకునేది కాదు, అనుకుంటుందేమోనన్న భయం ఆయనకూ ఉండేది కాదు. అలాంటి మనిషి ఆయనకు ఇంకొకరు లేరు.

పొద్దున ఆమె రాగానే ఆయన లేచి నిలబడ్డాడు. "మీకు అభ్యంతరం లేకపోతే..."

"ఏంటండీ?"

"కిటికీ... కొంచెం మూస్తాను."

కిటికీ మూసే ఉంది. ఆయన దాన్ని తెరిచి మళ్లీ మూశాడు. మధ్యాహ్నం అన్నాల వేళ ఇంకోసారి ప్రయత్నించాడు. ఈసారి "ఇవాళ జిగురు పలచగా ఉంది కదండీ" అని బయటికొచ్చింది. ఆమె డబ్బాలో కుంచె ముంచి చూసి, "ఎప్పట్లాగే ఉందండీ" అని తన అన్నం డబ్బాలోంచి గుడ్డు అట్టు ముక్క తీసి ఆయన అన్నం మీద పెట్టింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

సాయంత్రం పని ఆపి అందరికీ టీ ఇచ్చారు. యజమాని నాలుగు మాటలు చెప్పి, ఉన్నట్టుండి, "బల్ల మీద ఇంతకాలం జోడీగా పనిచేసింది కితగాకి గారే కదా, ఆయన కూడా మాట్లాడాలి" అన్నాడు. షూజో లేచాడు.

"హమానాకా గారి చేతిలో... ఎక్కడా ముడతలు ఉండవండీ."

"పెట్టెలకా, ఆవిడకా బాబాయ్ గారూ?" అంది యసుదా. ఆమె పార్సిలు కట్టే పిల్ల, నోటికి అడ్డూ ఆపూ లేదు. గది గొల్లుమంది. షూజో అందరికీ వంగి వంగి క్షమాపణలు చెప్పి కూర్చున్నాడు. ఫుమియే గారు మాత్రం నవ్వలేదు, టీ గిన్నె రెండు చేతులా పట్టుకుని ఆయన వైపే చూస్తూ ఉండిపోయింది.

గేటు దగ్గర వీడ్కోలు బాగానే జరిగింది. ఆమె వంగింది, ఈయన వంగాడు, ఆమె మళ్లీ వంగింది, ఈయన ఇంకాస్త కిందికి వంగాడు. "ఇన్నాళ్లూ నా వల్ల మీకు ఎంతో శ్రమ" అని ఆమె, "అబ్బే, శ్రమంతా నా వల్లే" అని ఈయన. అంత చక్కగా సెలవు పుచ్చుకున్నాక ఇద్దరూ ఒకే దారిన స్టేషనుకు నడవడం ఎలా? మొహం చెల్లదు. అందుకని ఆయన కాలవ గట్టు మీదుగా చుట్టు తిరిగి వెళ్లాడు. దారి పొడుగునా తనను తాను తిట్టుకున్నాడు. ఒక్క వాక్యం చెప్పలేని నోరు ఎందుకురా నీకు అనుకున్నాడు.

స్టేషన్లో ప్లాట్‌ఫాం మీదికి ఎక్కగానే బెంచీ మీద, పక్కన ప్రయాణపు పెట్టెతో, ఆమె కనిపించింది. షూజో చటుక్కున, డబ్బులేస్తే టీ సీసా ఇచ్చే మిషను చాటుకు జరిగాడు. అక్కడ ఊరికే నిలబడితే ఎవరేమనుకుంటారోనని ఒక సీసా కొన్నాడు. ఆమె రైలు ఇంకా రాలేదు. ఇంకో సీసా కొన్నాడు.

"ఆ మిషను ఖాళీ అయిపోతుంది గానీ, ఇలా వచ్చి కూర్చోండి కితగాకి గారూ" అంది ఆమె అటు తిరక్కుండానే.

ఆయన వచ్చి కూర్చున్నాడు. ఒక సీసా ఆమె చేతిలో పెట్టాడు. తన వైపు రైలు వచ్చి వెళ్లిపోయినా ఆయన లేవలేదు. ఆమె సీసా మూత తిప్పి, ఇంత తాగి, పట్టాల వైపు చూస్తూ అంది.

"ఒకసారి మా తొత్తోరి రండి. సెప్టెంబరులో బేరికాయలు కోస్తాం. అక్కకు మోకాళ్ల నొప్పులు, నాకు నిచ్చెనంటే భయం. మీరొస్తే పైకొమ్మల కాయలు దక్కుతాయి."

పొద్దుటినుంచీ తను అడగలేక చచ్చిన మాట ఆమె నోటినుంచే వచ్చింది. ఇంకేం కావాలి! కానీ ఆయన మనసు కంటే క్యోటో నాలుక ముందు లేచింది. "అయ్యో, ఎంత మాట! వీలు చిక్కితే తప్పకుండానండీ" అంటూ నడుం దాకా వంగాడు.

వీలు చిక్కితే అంటే రానని. ఇంతకాలం ఈ ఊళ్లో కాపురం చేసిన మనిషికి ఆ మాత్రం తెలియదా?

"అలాగేలెండి" అంది ఆమె మెల్లగా. సీసా మూత బిగించడం మొదలుపెట్టింది, అది బిగిసిన తర్వాత కూడా తిప్పుతూనే ఉంది. అంతలో రైలు వచ్చింది. ఆమె కంగారుగా లేచి పెట్టె లాక్కుని ఎక్కింది.

రైలు చివరి పెట్టె దాటేదాకా తల ఎత్తకూడదు, అది పద్ధతి. షూజో లేచి నిలబడి, తల దించుకునే ఉన్నాడు. సిమెంటు నేల మీద తన బూట్ల మధ్య ఒక చీమ పోతోంది. దాన్ని చూస్తుంటే నెమ్మదిగా తెలిసింది. మర్యాదకు పిలిచేవాళ్లు ఎప్పుడైనా రండి అంటారు, నెల చెప్పరు. అక్కగారి మోకాళ్లు చెప్పరు. మర్యాద పిలుపులో నిచ్చెన ఎందుకుంటుంది?

తల ఎత్తేసరికి రైలు వెనక దీపాలు వంపు తిరుగుతున్నాయి.

"వస్తానండీ!" అని అరిచాడు. "సెప్టెంబరులో వస్తాను!"

పక్కన నిలబడ్డ బడిపిల్ల ఉలిక్కిపడి చూసింది. ఆ పిల్లకు క్షమాపణ చెప్పాలని కూడా ఆయనకు తోచలేదు. తొత్తోరిలో ఏ ఊరో అడగలేదు. తెలుసుకోవాలంటే రేపు యజమానిని అడగాలి, అదీ యసుదా వింటుండగా. ఏడుపొచ్చినంత పనైంది. బెంచీ మీద కూలబడబోయి, చివరి క్షణంలో పక్కకు జరిగాడు.

ఆమె కూర్చున్న చోట ఒక గుడ్డ సంచీ ఉండిపోయింది, మూతి తెరుచుకుని, లోపల కార్ఖానాలో తొడుక్కునే తెల్ల బట్ట బూట్లు రెండు, మడమలు అరిగి, అంచుల నిండా ఎండిన జిగురు మరకలతో.