ఊరంతా వినే గొంతు

పొద్దున్నే టీచరమ్మ తన వంటింట్లో "అయ్యో, పాలు!" అనగానే ఊళ్ళో సగం ఇళ్ళల్లో జనం పొయ్యి దగ్గరికి పరిగెత్తేవారు. పొంగింది తమ పాలు కాదని చూసుకుని, నవ్వుకుంటూ వెనక్కి వచ్చేవారు. ఆమె దగ్గర ఒక్క అక్షరం నేర్చుకున్నా చాలు, ఆమె ఎక్కడ మాట్లాడినా వాళ్ళకి వినిపిస్తుంది. బస్సు డ్రైవరుకి స్టీరింగు పక్కన వినిపిస్తుంది. మంగలికి కత్తెర చప్పుడు మధ్యలో వినిపిస్తుంది. ఆమె గొంతు బొంగురుపోయిన రోజున మందుల షాపువాడు దగ్గుమందు సీసా తీసి పక్కన పెట్టేవాడు. ఇదంతా వాళ్ళకి ఎండా వానా లాంటిదే.

ఇంట్లో ఉన్న భర్తకి మాత్రం ఆ భాగ్యం లేదు. ఆయన గడియారాలు బాగుచేస్తాడు, అక్షరాలు వేరే ఊళ్ళో నేర్చుకుని వచ్చాడు.

"ఊరంతా వింటోంది. పక్కనున్న మీకే వినపడదు" అనేది ఆమె.

"అందుకే మన కాపురం నిలబడింది" అనేవాడాయన, కంట్లో భూతద్దం తియ్యకుండానే.

మార్కెట్ వెనకున్న తన బడికి తాళం పడ్డ రోజున, ఆమె కొంగుకి అంటిన సుద్ద కూడా దులుపుకోకుండా పార్టీ ఆఫీసుకి నడిచింది. ఊరిని ఏలుతున్నది ఆ పార్టీయే. అధ్యక్షుడు పెద్దాయన గోడవారగా కూర్చుని టీ తాగుతున్నాడు. మాట్లాడింది ఆయన అల్లుడు.

"పార్టీలో ఉన్నవాళ్ళ మాటే మేం వింటాం టీచరమ్మా. బయటివాళ్ళు వచ్చి అడిగితే కుదరదు."

"అయితే నన్ను చేర్చుకోండి."

ఆఫీసంతా నవ్వింది. చేర్చుకున్నారు. గుమ్మం పక్కన ఒక స్టూలు చూపించారు. ఏదో నాలుగు రోజులు కూర్చుని పోతుందిలే అనుకున్నారు.

ఆమె పోలేదు. ఆ నెలలోనే పోస్టర్లు అంటించే కుర్రాళ్ళు పెద్ద వీధి పొడుగునా పోస్టర్లు తలకిందులుగా అంటించి వచ్చారు. బొమ్మలేని పోస్టర్లవి, అన్నీ అక్షరాలే. ఏది పైనో ఏది కిందో పాపం వాళ్ళకేం తెలుసు? అల్లుడు వాళ్ళని తిట్టాడు. టీచరమ్మ తిట్టలేదు. మర్నాటి నుంచీ మధ్యాహ్నాలు ఆఫీసు వరండాలో నల్లబల్ల పెట్టింది. పోస్టర్ల వాళ్ళు కూర్చున్నారు, జీపు డ్రైవర్లు కూర్చున్నారు, టీ కాచే ఆవిడ గ్లాసులు కడుగుతూనే నేర్చుకుంది. ఆ తరవాత ఆమె వీధివీధికీ బల్ల మోసుకెళ్ళింది. ఎన్నికలు వచ్చేసరికి ఆమెకి మైకు అక్కర్లేకపోయింది. వీధి మొదట్లో నిలబడి మామూలుగా మాట్లాడితే ఊరి చివర కూరగాయలు తరిగేవాళ్ళు తలూపేవారు. పార్టీ గెలిచింది. ఆమె ముందు ఒక వార్డు పనులు చూసుకుంది, ఆ తరవాత ఉపాధ్యక్షురాలైంది.

అయినా లోపలి గదిలోకి రానిచ్చేవారు కాదు. పార్టీలో నిర్ణయాలన్నీ ఆ గదిలోనే. ఆమె అక్కడ నోరు తెరిస్తే ఇక గుట్టేముంది? బడి తాళం అలాగే ఉంది.

ఇలా ఉండగా పెద్దాయన దిగిపోతానన్నాడు. ఆ పార్టీలో ఓట్లూ గీట్లూ లేవు. దిగిపోయే అధ్యక్షుడు కాగితం మీద ఎవరి పేరు కింద సంతకం చేస్తే వాళ్ళే కొత్త అధ్యక్షులు, మిగతావాళ్ళు చప్పట్లు కొడతారు. పెద్దాయనకి చెయ్యి వణుకుతుందని ఆయన సంతకానికి బదులు రబ్బరు ముద్ర చేయించారు. ఆ ముద్ర ఎప్పుడూ అల్లుడి చొక్కా జేబులోనే ఉంటుంది. ఇంక అధ్యక్షుడెవరో వేరే చెప్పాలా?

సభ రేపనగా టీచరమ్మ పెద్దాయన ఇంటికి వెళ్ళింది. ఆయన ఒక్కడే వరండాలో టీ తాగుతున్నాడు.

"ఆ కుర్చీ నాకు కావాలి" అంది కూర్చోకుండానే. "మొహమాటపడి లాభం లేదు. బడి తెరిపించాలి."

"బడికి మరమ్మతులు అవుతున్నాయి కదమ్మా. బడి మూసే కాగితం అల్లుడు చదివి వినిపించాకే ముద్ర వేయించాను."

"మరమ్మతులా? లోపల సిమెంటు బస్తాలున్నాయి. అద్దె మీ అల్లుడికి పోతోంది. కాగితంలో ఉన్నదీ అదే. మీరు చదువుకోలేదా?"

"చెయ్యి వణుకు..."

"చదివేది కళ్ళతో కదా. అయినా వణికే చేతిలో టీ అలా తొణక్కుండా ఉంటుందా పెద్దాయనా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"అల్లుడు ఒకటంటాడు, మీరొకటంటారు. ఎవరిది నమ్మను? నా ముందు అందరూ ఒకలాగే మాట్లాడతారు. వెనక ఏమంటారో దేవుడికెరుక." గ్లాసు పక్కకి జరిపాడు. "మీరు ఇంట్లో ఏమంటారో ఊరందరికీ తెలుసు. నాకే తెలీదు."

"నేర్చుకుంటే తెలుస్తుంది."

"ఈ వయసులోనా?"

"వయసు అడిగేది పెన్షనాఫీసువాళ్ళు. నేను టీచర్ని. వేలు ఇలా పెట్టండి."

బల్ల మీద ఒలికిన నీళ్ళతో మొదటి అక్షరం దిద్దించింది. మొదట పుల్లలా వచ్చింది. తుడిపించింది. తరవాత గుమ్మడికాయలా వచ్చింది. మళ్ళీ తుడిపించింది. ఊరిని ఇన్నేళ్ళు ఏలిన మనిషి, నాలుక బయటపెట్టి, చెమటలు కక్కుతూ దిద్దాడు. అక్షరం అక్షరంలా వచ్చాక ఆమె చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి పెద్దాయన భోజనానికి కూర్చున్నాడు. ఎదురుగా అల్లుడు ఆయన పాలనని పొగుడుతున్నాడు. ముద్ద నోటిదాకా వెళ్ళినప్పుడు, చెవి పక్కనే కూర్చుని చెప్తున్నట్టు టీచరమ్మ గొంతు వినిపించింది.

"ఏమండీ, ఇవాళ పెద్దాయన ఇంటికి వెళ్ళొచ్చాను. ఆ కుర్చీ నాకు కావాలని మొహం మీదే అడిగేశాను. సిమెంటు బస్తాల సంగతీ చెప్పాను. ఇస్తాడో లేదో తెలీదు, మొండి మనిషి. బడికి తాళం వేసింది చివరికి ఆయన ముద్రే, అది మాత్రం నేను మరిచిపోను. కానీ అక్షరం ఎంత గుండ్రంగా దిద్దాడనుకున్నారు! చిన్నప్పుడే నా దగ్గర పడి ఉంటే బాగుపడేవాడు."

పెద్దాయనకి పొలమారింది. ఆయన ముందు అన్నదే ఆయన వెనకా అంటోంది ఈమె, తిట్టుతో సహా. తన రాజకీయ జీవితంలో ఇలాంటిది ఎరగడు.

"నీళ్ళు తాగు మామయ్యా" అన్నాడు అల్లుడు.

"నోరు మూసుకో, విననీ" అన్నాడు పెద్దాయన.

మర్నాడు లోపలి గది నిండిపోయింది. అల్లుడు టైపు చేయించిన కాగితం బల్ల మీద పెట్టి, జేబులోంచి ముద్ర తీశాడు. పెద్దాయన ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, తలుపు తెరిపించి, గుమ్మం పక్కనున్న టీచరమ్మని లోపలికి పిలిచాడు.

"తెల్లకాగితం మీద మీ పేరు రాయండి. రాసింది పైకి చదవండి."

ఆమె రాసింది. తన పేరు చదివి, ఈమె ఈ రోజు నుంచి ఈ పార్టీకి అధ్యక్షురాలు అని చదివింది. ఆ మాట గదిలోనూ వినిపించింది, ఊళ్ళోనూ వినిపించింది. పెద్దాయన పెన్ను పిడికిలితో పట్టుకుని, కాగితం అడుగున తనకొచ్చిన ఆ ఒక్క అక్షరం రాశాడు.

అల్లుడు కాగితం మీదికి వంగాడు. "ఇదేం సంతకం మామయ్యా? ఇది చెల్లదు!"

"నా చేత్తో నేను పెట్టింది ఇదొక్కటే అల్లుడూ. ఇదే చెల్లకపోతే, ఇన్నాళ్ళూ నువ్వు కొట్టిన ముద్రల్లో ఏది చెల్లుతుందో చెప్పు."

అల్లుడు ముద్రని మళ్ళీ జేబులో వేసుకున్నాడు. చప్పట్లు ఒక మూల మొదలై గదంతా పాకాయి. టీచరమ్మ చప్పట్లు అయ్యేదాకా ఆగలేదు. అల్లుడి ముందుకి వచ్చి చెయ్యి చాపింది.

"బడి తాళంచెవి ఇటివ్వు నాయనా."

పెద్ద వీధిలో బస్సు డ్రైవరు ఈ మాట విని, టిక్కెట్టు కొన్నవాళ్ళకి చెప్పి మరీ బస్సుని మార్కెట్ వెనక్కి తిప్పాడు. మంగలి సగం గడ్డంతో ఉన్నవాణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరాడు. అల్లుడు జేబులు తడుముకుంటూ ఉండగానే, బడి ముందు జనం సిమెంటు బస్తాలు మొయ్యడానికి చొక్కా చేతులు పైకి మడుస్తున్నారు.