ఐదో జడ్జీ

వకీళ్లు మెడకు కట్టుకునే తెల్లబట్టకు గంజి పెట్టడం గౌరమ్మకు పెళ్లయిన నాటి నుంచీ ఉన్న పని. గంజి చిక్కనైతే మెడ గీరుకుంటోందని, పలచనైతే జడ్జీల ముందు పరువు పోయిందని మొగుడు జయరామప్ప సణుగుతాడు. సరిగ్గా కుదిరిన రోజున మాత్రం నోరు మెదపడు.

నగర్తపేటలో అంత చదివిన వకీలు లేడని ఆయనకు పేరు. కంచం ముందు కూర్చుంటే చాలు, ఢిల్లీ సుప్రీంకోర్టు చరిత్ర మొదలు. మొదట్లో పార్లమెంటు భవనంలోనే సర్దుకున్నారట, మొన్నమొన్ననే సొంత భవనంలోకి మారారట. ఏ జడ్జీ ఏ ఊరివాడు, ఎవరి తరువాత ఎవరు పెద్ద జడ్జీ అయ్యారు, అంతా నోటికి వచ్చు. కన్నకూతురు ఏ క్లాసో మాత్రం అడిగి తెలుసుకుంటాడు, మహానుభావుడు. ఆ జడ్జీల్లో ఆడవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఒకసారి గౌరమ్మ అడిగితే పొలమారేదాకా నవ్వాడు.

ఆవేళ అన్నంలోకి సారు పోస్తుంటే ఆయన చెప్పిన సంగతి మాత్రం ఆమె బుర్రను తొలిచేసింది. ఒక కేసులో ఐదుగురు జడ్జీలు కూర్చున్నారట. నలుగురు ఒకటే మాట అన్నారు, ఐదో ఆయన కాదన్నాడు. నలుగురి మాటే నెగ్గింది. అయినా ఐదో ఆయన మాటనూ పక్కనే అచ్చేశారట.

"ఓడిపోయిన మాటను ఎందుకండి అచ్చేసేది?"

"కాదన్నోడు ఒకడుండాడని తెలియొద్దా? రేపు అదే నిజమని తేలొచ్చు," అని ఆయన మజ్జిగ పొయ్యమన్నాడు.

గౌరమ్మకు అంతా గందరగోళం. ఓడిన మాటకు అంత మర్యాదా? మొన్న కూతురు భాగీరథి పెళ్లి తేల్చినప్పుడు అత్త పిల్లమ్మ, మరిది ఓబళప్ప, మొగుడు అందరూ ఒక్కటయ్యారు. ఎస్సెస్సెల్సీ పాసైన పిల్ల కాలేజీకి పోతానని ఏడ్చింది. దాన్ని చదవనిద్దాం అని తాను అన్నది. అన్నదా, అనుకుని ఊరుకున్నదా? పొయ్యి మీద సంగటి చూడు పో అని అత్త కసిరాక ఆ మాట ఏమైందో ఆమెకే గుర్తు లేదు. ఇన్నేళ్లలో తాను కాదన్నవన్నీ ఎక్కడికి పోయాయి? తల్లి తన పక్షమేనని కనీసం ఆ పిల్లకైనా తెలుసా? ఆలోచించేకొద్దీ భయం వేసింది, ఎవరి మీదో తెలియని కోపమూ వచ్చింది.

శుక్రవారం కోలారు నుంచి పెళ్లివారు వచ్చారు. తాంబూలాల పళ్లెం గౌరమ్మే పట్టుకొచ్చింది. పెళ్లికొడుకు తాత కృష్ణప్ప, తాంబూలం అందుకునే ముందు పెద్దలు సమ్మతి కోసం అడగాల్సిన మాట అడిగాడు.

"ఇంట్లో అందరికీ ఒప్పిగేనా అప్పా?"

"అందరికీ ఒప్పిగే," అంటూ జయరామప్ప పళ్లెం కోసం చేతులు చాచాడు.

ఆ అందరిలో తాను ఉన్నదో లేదో గౌరమ్మకు నిజంగానే తెలియలేదు. లోపలి గదిలో భాగీరథి గాజుల చప్పుడు ఆగింది. పళ్లెం తల్లి చేతుల్లోనే ఉండిపోయింది.

"అందరికీ అనాకండి," అంది గౌరమ్మ. "నన్ను తీసేసి చెప్పండి."