సగం దించిన షట్టరు

నేను ఒక షట్టరుని. కొట్టుకి వేసే ఇనప షట్టరుని. అనకాపల్లిలో ఒక వెల్డింగు షెడ్డులో పుట్టాను. రేకుల్ని ఒకదాని అంచులో ఒకటి దూర్చి, పైన స్ప్రింగు బిగించి, లారీలో పడుకోబెట్టి తుని తెచ్చారు. రైల్వేగేటు దగ్గర కొత్తగా కట్టిన కొట్ల వరసలో బిగించారు. చదువంటారా, నా వీపు మీద ఎవరో రాయించిన సిమెంటు ప్రకటనే నా చదువు. అదీ సగం చెరిగిపోయింది.

మనుషులంటే నాకు గౌరవం ఉండేది కాదు. ఎలా ఉంటుంది? పొద్దున్న దండం పెట్టి పైకి తోసినవాడే రాత్రి కాలితో తొక్కి కిందికి దించుతాడు. మొదట టైర్ల కొట్టు, తర్వాత చెప్పుల కొట్టు, ఆఖర్న సెల్‌ఫోన్ల కొట్టు. వచ్చేటప్పుడు అందరూ నా ముందు కొబ్బరికాయ కొట్టారు. పోయేటప్పుడు కలిసిరాలేదని నన్నే తిట్టారు. వ్యాపారం చేతకానిది వాళ్లకి, చెడ్డపేరు నాకు. ఆ తర్వాత చాలాకాలం నన్నెవరూ ముట్టుకోలేదు. తుప్పు పట్టాను.

అప్పుడొచ్చింది నూకరత్నం. జాకెట్లు కుడుతుంది. మొగుడు లోవరాజు లారీ డ్రైవరు. అద్దె ఇళ్లు మారి మారి విసిగిపోయిన మనిషి. ఇల్లు కొనే తాహతు లేదు. ఇలాంటి అచ్చిరాని కొట్టయితే చవగ్గా వస్తుందని కొనేసింది.

"కొట్లో కాపరమేటే తల్లీ?" అని పక్కన ఎరువుల కొట్టు గవరయ్య నవ్వాడు.

"వానకి కారదు కదా బాబూ. ఖాళీ చెయ్యమని ఎవడూ రాడు కదా. ఇంకేటి కావాలి?" అంది.

టైర్ల మసి పట్టిన గోడలకి తనే సున్నం వేసింది. వెనక గోడకి కిటికీ కొట్టించింది. సెల్‌ఫోన్లు పెట్టిన అద్దాల బల్లలో ఆవకాయ జాడీలు, పైన దేవుడి పటాలు. నా స్ప్రింగుకి నూనె పోసింది. ఇన్నేళ్లలో నా గురించి ఆలోచించిన మొదటి మనిషి.

ఒక్క అత్తగారే ఒప్పుకోలేదు. ఆవిడ పేరు సన్యాసమ్మ. తెచ్చిన ట్రంకుపెట్టె తాళమైనా తియ్యలేదు.

"గడప లేదు, పసుపెక్కడ రాయను? ముగ్గేసి కూకుంటే బేరానికి కూకున్నట్టుంటాది. నన్ను పాయకరావుపేట నా కూతురింటికి పంపెయ్యి," అనేది రోజూ.

గడప కట్టిస్తే నేను కిందికంటా దిగను. నన్ను పీకేస్తే తలుపు చేయించే స్తోమత వాళ్లకి లేదు. "ఈ ఎండలు పోనీ అత్తా, అప్పుడెళ్దువు గాని," అని బతిమాలేది నూకరత్నం. పెద్దావిడ వెళ్లిపోతే ఇది మళ్లీ కొట్టయిపోతుందని ఆ పిల్ల భయం.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం. ఎండ తిన్నగా లోపలికి కొడుతోంది. అత్తగారు కునుకు తీస్తోందని నన్ను సగం దించి, కుట్టిన జాకెట్లు ఇచ్చి రావడానికి వెళ్లింది నూకరత్నం.

మా వరసలో ఒక ఆచారం ఉంది. చావు జరిగితే ఆ కొట్టు షట్టరు సగం దించుతారు. అది చూసి మిగతావాళ్లూ దించుతారు. గవరయ్య నన్ను చూశాడు. తనది దించాడు. ఆ పక్కవాడు, ఆ పైవాడు, వరసంతా సగానికి దిగిపోయింది. కాసేపటికి గవరయ్య దండ పట్టుకుని, నలుగురిని వెంటేసుకుని నా ముందు నిలబడ్డాడు.

"నోరు పెద్దదే గానీ మనసు మంచిది, పాపం," అన్నాడు కండువాతో కళ్లు ఒత్తుకుంటూ.

నా కిందనుంచి ఒక ముగ్గుబుట్ట తల బయటికొచ్చింది.

"ఎవర్రా పోయింది? ఆ దండెవరికిరా గవరయ్యా?"

గవరయ్య దండని వీపు వెనక్కి దాచుకున్నాడు. వెనకనుంచి ఎవరో, "నీకేనమ్మా. షట్టరు సగానికుంటేనీ..." అని నసిగారు.

"ఎండకి దించుకుంటే సంపేత్తార్రా? మీయి కొట్లు. ఇది ఇల్లు! సగం దించుకుంటాం, ముప్పావు దించుకుంటాం, మీకేటి? నా ఇంటి గుమ్మంలో దండట్టుకుని నిలబడతారా? నువ్వే ఏసుకుని ఊరేగు, పో!"

జాకెట్లు ఇచ్చి అప్పుడే తిరిగొచ్చిన నూకరత్నం రోడ్డు మీదే ఆగిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రం ట్రంకుపెట్టె తాళం తీసిన చప్పుడు విన్నాను. మర్నాడు పొద్దున్నే, నన్ను ఎత్తకముందే, సన్యాసమ్మ వచ్చి నేలకి ఆనుకుని ఉన్న నా అడుగు పట్టీని తడిగుడ్డతో తుడిచింది. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పసుపు రాసి కుంకం బొట్లు పెట్టింది. నన్ను పైకెత్తితే ఆ పసుపూ పైకే పోతుంది, తోరణంలాగా వాళ్ల తలలపైన ఉంటుంది.

ఇప్పుడు రాత్రిళ్లు నూకరత్నం నన్ను కాలితో తొక్కదు. కొక్కెంతో కిందికి లాగి, ఆఖరి జానెడూ వంగి రెండు చేతుల్తో దించుతుంది. గడప మీద కాలు పెట్టకూడదట.