అవును దగ్గర టిక్కు

నా భార్య సరోజన చచ్చిపోయిన దవాఖానకే నేను హెర్నియా ఆపరేషన్‌కు పోయాను. ఇష్టపడి కాదు. ఆరోగ్యశ్రీ కార్డు మీద అక్కడికే రాసిచ్చారు.

మంచం ఎక్కకముందే నర్సు సుభాషిణి దూది పుల్లలతో వచ్చింది. ఒకటి ముక్కులో తిప్పింది. ఇంకోటి ఇచ్చి గజ్జల్లో నన్నే రుద్దుకోమంది. మందులకు లొంగని క్రిములు ఒంటి మీద ఉన్నాయేమో ముందే చూస్తారట. ఉంటే వేరే గదిలో పెడతారట. ఎప్పటి నుంచి ఈ పద్ధతి అని అడిగాను. తల వంచుకుని, పోయిన దసరా తర్వాత నుంచి అంది.

సరోజన దసరాకు వారం ముందు పోయింది. కడుపులో రాళ్లు తీశారు. నాలుగో రోజు కుట్లు చీము పట్టాయి. పక్క మంచం ఆమెకు అంతకుముందే చీము. ఆమె కట్టు విప్పిన చేతులతోనే సరోజన కట్టు విప్పారు. నేను చూశాను. మూడు రకాల సూదులు మార్చినా జ్వరం దిగలేదు. ఏ మందుకూ చావని క్రిమి అని ఈ సుభాషిణే వరండాలో మెల్లగా చెప్పింది. కాయితం మీద మాత్రం గుండె ఆగి చనిపోయిందని రాశారు. గుండె ఆగకుండా ఎవరు చస్తారు?

సుభాషిణి ఫారం తీసి చదివింది. ఇంట్లో ఎవరికైనా ఇంతకుముందు ఇలాంటి క్రిమి సోకిందా? అవునా, కాదా?

"అవును దగ్గర టిక్కు పెట్టు బిడ్డా."

పెట్టింది.

డాక్టరు ఓంప్రకాశ్ వచ్చి చూసి, దాన్ని కొట్టేయమన్నాడు. అవును అని ఉంటే రిపోర్టు వచ్చేదాకా ఆపరేషన్ చేయరట. రేపటి తారీఖు పోతుందట.

"పోనియ్ సారూ. కాదంటే మా ఆమె గుండెజబ్బుతోని పోయిందని నేను గూడ ఒప్పుకున్నట్టే."

"రుజువు ఉండాలె గద పెద్దాయనా."

సుభాషిణి నేల చూస్తూనే అంది: "ఆమె చీము రిపోర్టు ల్యాబ్ రిజిస్టర్ల ఉన్నది సార్. ఆమె చనిపోయిన రెండోనాడు వచ్చింది. నేనే ఎక్కిచ్చిన."

ఓంప్రకాశ్ నా ముఖం చూడకుండా సంతకం పెట్టాడు. టిక్కు అట్లాగే ఉంది. రిపోర్టు వచ్చాక మళ్లీ రమ్మన్నారు. ఫారం జిరాక్సు అడిగి తీసుకున్నాను. ఏడు నెలలకు సరోజన రోగం నా చేతికొచ్చిన ఒక కాయితం మీదికి ఎక్కింది. అదీ నా ఫారం మీద.

సుభాషిణి మెట్ల దాకా వెంట వచ్చింది. థాంక్స్ చెబుతాననుకుందేమో.

"ఏడు నెలలు ఏడికి వోయినవ్?" అన్నాను.

మా ఊరు వర్ధన్నపేట బస్సు కోసం నడిచాను.