అమ్మ పాసైన పరీక్ష

గార్లదిన్నెలో నా బడి గేటు మీద ఒక రేకు బోర్డు ఉండేది. పదో తరగతిలో నూటికి నూరు శాతం పాస్ అని దాని మీద ఎర్ర రంగుతో రాయించాను. ఆ నూరు శాతం ఎట్లా వచ్చేదో ఊళ్ళో అందరికీ తెలుసు. ఏ ప్రశ్న వస్తుందో పసిగట్టి, దాని జవాబు పిల్లల చేత బట్టీ పట్టించడంలో నేను గట్టివాణ్ణి. తప్పు చెబితే నాకు ఒళ్ళు మండేది. ఎందుకు తప్పు చెప్పాడో కనుక్కునే ఓపిక ఏనాడూ లేదు. ఆ బుద్ధినే అమ్మ దగ్గర కూడా చూపించాను.

మా అమ్మ బయమ్మ బడి ముఖం చూడలేదు. నాయన పోయాక ఆరెకరాల మెట్టలో శనక్కాయలు వేసి, వాన పడిన ఏడు పండించి, పడని ఏడు కూలికి పోయి నన్ను చదివించింది. అరవై ఆరేళ్ళు వచ్చేసరికి ఆమెకు మరుపు మొదలైంది. రాగులు పట్టించడానికి మిల్లుకు పోయి, డబ్బా అక్కడే పెట్టి చేతులూపుకుంటూ వచ్చేది. ఊరిబిండి పచ్చడి నూరుతూ రెండుసార్లు ఉప్పు వేసేది. పక్కింట్లో బొంతలు కుట్టే రంజాన్ బీని పట్టుకొని "నీ కోడలు ఊరినుంచి ఎప్పుడొస్తాదే?" అని ఒక పూటలో నాలుగుసార్లు అడిగేది. రంజాన్ బీది కూడా అదే అవస్థ కాబట్టి నాలుగుసార్లూ కొత్తగానే జవాబు చెప్పేది. మేమంతా నవ్వుకునేవాళ్ళం. చేను గట్లు మరిచిపోయి ఎక్కడ పడుతుందోనని నేను చేను కౌలుకిచ్చేశాను. దాంతో రోజూ చేను దాకా నడిచే నడక కూడా ఆమెకు లేకుండా పోయింది.

2003 వేసవిలో అనంతపురం నుంచి ఒక ఆస్పత్రి వాళ్ళు వచ్చి, మరుపు మొదలైన ముసలివాళ్ళ కోసం ఊళ్ళో ఒక పాత గోడౌన్‌లో క్లాసు పెట్టారు. చేర్చుకునే ముందు పరీక్ష. అమ్మ పక్కన నన్ను కూర్చోబెట్టారు. డాక్టరు నిదానంగా ఐదు మాటలు చెప్పాడు. గుర్రం, తాళం, నిమ్మకాయ, చెంబు, గొడుగు. పది నిమిషాలు వేరే సంగతులు మాట్లాడి, ఇందాకటి మాటలు చెప్పమ్మా అన్నాడు.

"చెంబు," అంది అమ్మ. "ఇంకా ఏందో ఉండాయి నాయనా. ఇబ్బుడే ఈడే ఉన్నెయి," అని ఒళ్ళో చెంగు కింద వెతికింది. దొరక్క ఏడ్చింది.

ఆ ఏడుపు చూసి నాకు జాలేసింది. అది నిజమే. నూరు శాతం రాఘవేంద్ర సారు వాళ్ళమ్మకు ఐదుకు ఒకటే వచ్చిందని తల కొట్టేసినట్టయింది. అదీ నిజమే. ఏది ముందు కలిగిందని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నీళ్ళు నములుతాను.

డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు. "ఇది వయసుతో అందరికీ వచ్చే మరుపు కాదు. అట్లని మతి పూర్తిగా పోయే జబ్బూ కాదు. రెంటికీ మధ్యలో ఉన్నారు. కొందరు ఇక్కడే నిలుస్తారు, కొందరు ఇంకా కిందికి పోతారు. మీ అమ్మ ఎటు పోతుందో చెప్పలేను. ఒంటికి కసరత్తు, మెదడుకు పని, రెండూ కలిపి పెడితే నిలుస్తుందేమో చూద్దాం. ఇంట్లో మీరు కూడా చేయించాలి."

క్లాసు వారానికి మూడు రోజులు. నడిపేది మౌనిక అనే అమ్మాయి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవాలి. ఇసుక నింపిన నీళ్ళ బాటిళ్ళు ఎత్తాలి. ఒకరికొకరు బంతి విసురుకుంటూ, బంతి పట్టినవాళ్ళు ఒక కూరగాయ పేరు చెప్పాలి. చెప్పిన పేరు మళ్ళీ చెప్పకూడదు. గోడౌన్ చుట్టూ నడుస్తూ కార్తెల పేర్లు చెప్పమంటే అమ్మ అశ్విని నుంచి రేవతి దాకా ఇరవై ఏడూ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. మౌనిక నోరెళ్ళబెట్టి, "ఇప్పుడు వెనకనుంచి చెప్పు అవ్వా," అంది. అమ్మ నడక ఆపి పకపకా నవ్వింది. "వాన యాడైనా వెనక్కి పోతాదా పాపా?" అంది. తర్వాత మూడు వారాలు కష్టపడి స్వాతి దాకా వెనక్కి వచ్చింది. అమ్మ అట్లా నవ్వి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు లేదు.

క్లాసు లేని రోజుల్లో ఇంటిపని. అరగంట అమ్మతో కలిసి నడవాలి. మూడు సరుకుల పేర్లు చెప్పి, చీటీ లేకుండా అంగడికి పంపి తెప్పించాలి. చేసిన రోజు కార్డులో టిక్కు పెట్టాలి. మా ఆవిడ తాను తీసుకుపోతానంది. "నేను చూసుకుంటాలే, నాకు అప్పజెప్పినారు," అని గొప్పకు పోయాను.

వారం రోజులు నడిచాను. పొద్దున ఐదున్నరకు నా పదో తరగతి బ్యాచ్. అమ్మ ప్రతి చేను దగ్గరా ఆగి, శనక్కాయ చెట్లకు ఊడలు దిగినాయో లేదో చూసి, ఇది ఎవరి చేనని అడిగేది. చెబితే రెండడుగులు వేసి మళ్ళీ అడిగేది. ఒకరోజు చింతపండు, బెల్లం, అగ్గిపెట్టె తెమ్మని పంపితే అగ్గిపెట్టె ఒక్కటే తెచ్చింది. ఇంటి ముందు నలుగురూ చూస్తుండగానే అరిచాను.

"మూడంటే మూడు! ఇంత మాత్రం పట్టుకోలేవామా?"

"పట్టుకునే వచ్చినా నాయనా. దావలో జారిపోయినాయి," అంది.

ఆ తర్వాత నడక లేదు, అంగడి లేదు. కార్డులో టిక్కులు మాత్రం నేను పెట్టాను. ఒకే రోజు కూర్చొని పెట్టినట్టు తెలియకుండా మూడు రంగుల పెన్నులు మార్చి పెట్టాను. తనిఖీ వస్తుందంటే బళ్ళో హాజరు పట్టీ నింపి నింపి ఆరితేరిన చెయ్యి కదా, ఎక్కడా అనుమానం రానీయలేదు.

ఆరు నెలలకు మళ్ళీ అవే ఐదు మాటలతో పరీక్ష ఉంటుందని మౌనిక చెప్పింది. "ఆ మాటలు మాత్రం ఇంట్లో అనిపించొద్దు సార్. అవ్వ తల ఎట్లుందో మాకు తెలియాలంటే అవే కొలత," అని ప్రత్యేకం నాకే చెప్పింది. నా బోర్డు చూసే చెప్పిందేమో.

నేను ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. సంగటి తిన్నాక అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకొని, కుడిచెయ్యి పట్టుకొని, ఒక్కో వేలు నొక్కుతూ ఒక్కో మాట చెప్పించాను. బొటనవేలు గుర్రం. చూపుడువేలు తాళం. నడిమివేలు నిమ్మకాయ. ఉంగరంవేలు చెంబు. చిటికెనవేలు గొడుగు. రోజుకు ఇరవైసార్లు. తప్పితే మళ్ళీ మొదటినుంచి. వేలు గట్టిగా నొక్కేవాణ్ణి. అమ్మ చేతులు కలుపు తీసి తీసి కాయలు కాచిన చేతులు. నొప్పి అని ఏ రోజూ అనలేదు.

ఒక రోజు మాత్రం అడిగింది. "ఇట్ల ముందే నేర్సుకుంటే ఆ పాప తిట్టదా?"

"తిట్టదుమా. నువ్వు పాసైతే సంతోషపడుతుంది."

"ఓహో," అని బొటనవేలు నా చేతిలో పెట్టింది.

ఆరు నెలల పరీక్షలో అమ్మ ఐదుకు ఐదూ చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె కుడిచేతి వేళ్ళు ఒళ్ళో ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. డాక్టరు కాగితం మీద రాసుకుంటూ అది చూడలేదు. మౌనిక చూసింది. ఆ వేళ్ళు చూసి, తలెత్తి నన్ను చూసింది. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. అమ్మ కూడా నా వైపే తిరిగింది. పరీక్ష హాల్లో పిల్లలు చూసినట్టు, సరేనా అని. నేను తలూపాను.

ఆ క్లాసులో పన్నెండుమందికే చోటు. బయట ఇంకా చాలామంది ఎదురుచూస్తున్నారు. బాగుపడినవాళ్ళను ఆపి, బాగుపడనివాళ్ళను ఇంకో ఏడాది కొనసాగించారు. అమ్మతోపాటే క్లాసులో చేరిన రంజాన్ బీకి రెండు మాటలే వచ్చాయి, ఆమెను ఉంచారు. అమ్మకు చేతిలో కొబ్బరికాయ పెట్టి, అభినందనలు చెప్పి ఇంటికి పంపారు.

బయటికి వచ్చి నాలుగడుగులు వేశాక అమ్మ అంది. "నాకు రాలేదప్పా. నువ్వు చెప్పినావు కాబట్టి చెప్తి."

ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను. ఎవరూ వినలేదని కుదుటపడ్డాను. నేను ఎట్లాంటి మనిషినో చెప్పడానికి ఆ కుదుటపడటం ఒక్కటి చాలు.

సోమ, బుధ, శుక్రవారాలు అమ్మకు ఎట్లా గుర్తుండేవో తెలియదు. ఆ రోజుల్లో తల దువ్వుకొని, చెప్పులేసుకొని అరుగు మీద కూర్చునేది. "బంతాటకు పొద్దుపోతాంది, రాఘవా," అనేది. "పాసైనావు కదమా, పాసైనోళ్ళు మళ్ళా బడికి పోరు," అని నేను నవ్వేవాణ్ణి. రంజాన్ బీ, కోడలి చెయ్యి పట్టుకొని మా ముందరే గోడౌన్‌కు పోయేది. అమ్మ వీధి మలుపు దాకా ఆమెనే చూసేది. కొన్నాళ్ళకు చెప్పులేసుకోవడం మానేసింది.

మరుసటి ఏడు ఎండల్లో మౌనిక ఒకసారి ఇంటికి వచ్చింది. అమ్మ ఆమెకు మంచినీళ్ళిచ్చి, ఎవరమ్మా నువ్వు అంది. మౌనిక నన్ను పక్కకు పిలిచింది.

"సార్, ఇంట్లో ఏమైనా చెప్పించినారా? ఉన్నదున్నట్టు చెప్పండి. ఇప్పుడైనా చేర్చుకుంటాము. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు."

ఒక్క మాట చాలు. అవునమ్మా అంటే అయిపోయేది. గేటు దగ్గర ఇద్దరు పిల్లల తండ్రులు ఫీజుల సంగతి మాట్లాడటానికి నిలబడి ఉన్నారు. "ఏం లేదమ్మా, ఎండకు కొంచెం నీరసంగా ఉంది, అంతే," అన్నాను. ఆమె సంచి భుజానికి తగిలించుకొని వెళ్ళిపోయింది. ఇంకో ఏడాదికి క్లాసే ఎత్తేశారు. గోడౌన్‌లో మళ్ళీ ఎరువు బస్తాలు దించారు.

అమ్మ మొదట వీధి మరిచింది. తర్వాత పొయ్యి మరిచింది. కార్తెలు ఒక్కొక్కటే రాలిపోయాయి. 2006లో నాకు బుద్ధి వచ్చి, అనంతపురం తీసుకుపోయి, అదే డాక్టరు ముందు అంతా కక్కేశాను. టిక్కులూ, పెన్నులూ, వేళ్ళూ. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"క్లాసుకు వచ్చుంటే నిలిచేదని నేను చెప్పలేను," అన్నాడు. తర్వాత తనే, "నిలిచేది కాదని కూడా చెప్పలేను," అన్నాడు.

ఆ రెండో మాటతోనే బతుకుతున్నాను. తిరిగొచ్చిన మర్నాడు నిచ్చెన వేసుకొని బోర్డు దించేశాను. ఊళ్ళో వాళ్ళు రంగు వేయించడానికి అనుకున్నారు. ఐదున్నర బ్యాచ్ ఇంకొకరికి అప్పజెప్పి, రోజూ పొద్దున అమ్మను నడిపిస్తున్నాను. ప్రతి చేను దగ్గరా ఆగుతున్నాను. ఇది ఎవరి చేనని ఇప్పుడు ఆమె అడగదు. నేనే చెబుతూ పోతాను. ఆమె వినదు.

రంజాన్ బీకి మరుపు పోలేదు. కానీ ఆమెది అక్కడే నిలిచింది. తన సూదిలో తనే దారం ఎక్కించుకుంటుంది, కోడల్ని పేరు పెట్టి పిలిచి కేకలేస్తుంది. మొన్న అమ్మను చూడటానికి వచ్చి, పక్కన కూర్చొని చెయ్యి నిమిరింది.

"నీ తల్లి శానా తెలివైంది నాయనా. ఫస్టున పాసై పోయె. నన్ను ఫెయిలు చేసి, ఇంకా ఒక ఏడు బంతాడించిరి," అని బోసినోటితో నవ్వింది. నేను లోపలికి పోయి గోడకు తల ఆనించి నిలబడ్డాను.

ఆమె వెళ్ళాక అమ్మ ముందు కూర్చున్నాను. ఆ పొద్దంతా అమ్మ నన్ను చూసి ముడుచుకుపోతూ ఉంది. చెయ్యి పట్టుకొని, అడగకూడని మాట అడిగాను.

"అమ్మా, నేను ఎవరు?"

అమ్మ నా ముఖంలోకి చూసింది. ఆమె కళ్ళలో భయం కనిపించింది. జవాబు రాని పిల్లల కళ్ళలో ఇరవై ఏళ్ళు చూసిన భయమే అది. అంతలో తన కుడిచెయ్యి నా చేతుల్లో ఉండటం చూసుకుంది. ముఖం తేటపడింది. బొటనవేలు ముడిచింది.

"గుర్రం," అంది. "తాళం. నిమ్మకాయ. చెంబు." చిటికెనవేలు దగ్గర కొంచెం తడుముకొని, "గొడుగు," అంది.

ఐదుకు ఐదూ. ఒక్కటీ తప్పలేదు.

మళ్ళీ వేళ్ళు నొక్కుతానని కాబోలు, చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకొని చెంగు కింద దాచుకుంది.

"అన్నీ చెప్తి గదా సార్," అంది. "ఇంక నన్ను ఇంటికి పంపిస్తారా?"