చల్లారని టీ

తోడికోడళ్లిద్దరూ ఒకే బస్సెక్కి, ఒకే సూట్‌కేసుల కంపెనీకి వచ్చి, ఒకే కెటిల్‌లోంచి టీ పోసుకునేవారు. చిన్నకోడలి టీ సాయంత్రం దాకా పొగలు కక్కేది. పెద్దకోడలిది లెక్కల సెక్షన్‌కు చేరేలోపే చల్లారిపోయేది. పని ఒంటికి పట్టినవాళ్ల టీ చల్లారదని ఆఫీసంతటికీ తెలుసు. మేనేజరుగారిది ఎప్పుడూ చల్లటి టీయే అనీ తెలుసు, కానీ ఆ మాట ఎవరూ ఎత్తరు.

పెద్దకోడలికి ఒకటే కడుపుమంట. తనకన్నా వెనకొచ్చి, ఫిర్యాదుల ఫోన్లో జనం చేత తిట్లు తినేదానికి ఇంత వైభోగమా? కప్పులు మార్చి చూసింది, లాభం లేకపోయింది. చిన్నది నాలుగింటికే ఇంటికెళ్తుంది, అదే కిటుకు అనుకుని, పోట్లాడి ఆ వెసులుబాటు తనూ సంపాదించింది. పిల్లల చదువు చూసుకుంది, సాయంత్రాలు కునుకు తీసింది, నడుంనొప్పి తగ్గింది. ఇంటికి వెళ్లడం హాయిగానే ఉంది. పొద్దున్నే రావడమే ఎవరో మెడపట్టి తోస్తున్నట్టుండేది.

"నీకేం తక్కువమ్మా? వచ్చే నెల నుంచి సెక్షన్ హెడ్డువి," అంది అత్తగారు.

"దాని టీ చూశారా అత్తయ్యా?"

"నీ ఏడుపంతా దాని కప్పులోనే ఉంది!"

చిన్నకోడలికి జ్వరమొచ్చిన రోజు, మహత్తంతా సీటులోనే ఉందని పెద్దకోడలు పరుగున వెళ్లి అక్కడ కూర్చుంది. మొదటి ఫోన్లోనే ఓ పెద్దాయన విరుచుకుపడ్డాడు. పెట్టె తాళం బిగుసుకుపోయిందట, మందులు లోపలున్నాయట. చిన్నదైతే "అయ్యో బాబాయ్‌గారూ" అని వెన్న పూసేది. ఈవిడ "మీరే అడ్డదిడ్డంగా తిప్పుంటారు!" అని కసిరింది. ఆయన ఫోన్ పెట్టేశాడు. టీ మీద సన్నగా మంచు కట్టింది.

మందులన్న మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది. తాళం తీసే దారి కనుక్కుందామని, చేతిలో కప్పుతోనే రిపేరు షెడ్డుకు వెళ్లింది. మిస్త్రీ అలాంటి పెట్టెనే ఆవిడ ముందు పెట్టి, "ఇది నాకూ లొంగట్లేదమ్మా," అన్నాడు. ఆవిడ జడలోంచి పిన్ను తీసి కెలికింది, చెవి ఆనించి వింది, మరోవైపు నుంచి నొక్కింది. టక్కుమంది. పెద్దాయనకు ఫోన్ చేసి పిన్ను ఎక్కడ పెట్టాలో చెప్పింది. అక్కడా టక్కుమంది. ఆవిడ ఇంకో పెట్టె లాక్కుంది, తర్వాత ఇంకోటి. తలెత్తేసరికి నాలుగింటి బస్సు వెళ్లిపోయింది. గొంతు ఎండిపోయి, పొద్దుటి టీ గుటుక్కున తాగింది.

"అమ్మో!" నాలుక కాలింది.

మర్నాడు మేనేజరు తల పట్టుకున్నాడు. "హెడ్డు పోస్టు కాలదన్ని రిపేర్లకు వెళ్తారా ఎవరైనా?"

ఆవిడ కాలిన నాలుక చాపి చూపించింది. "నాలుగింటికి వెళ్లడం మాత్రం వదులుకోను సార్."

ఆయన తన కప్పు వంక దిగులుగా చూసుకుని బదిలీ కాగితం మీద సంతకం పెట్టాడు.

జ్వరం తగ్గి వచ్చిన చిన్నకోడలు షెడ్డులోకి తొంగిచూసి, మొహం మాడ్చుకుంది.

"నాదానికన్నా ఎక్కువ పొగలొస్తున్నాయేంటక్కా? ఒక్క గుక్క ఇవ్వవూ?"

"నీది నీకుందిగా," అంటూ పెద్దకోడలు కప్పు వెనక్కి లాక్కుంది. ఆ మాడిన మొహం చూశాక, ఎన్నాళ్లకో ఆవిడ కడుపు చల్లబడింది.