ముందే ఎవరో మూశారు

గరాటు ఎవరు మరిచారన్న దగ్గర గొడవ మొదలైంది. "జామ్ వంపుకునే నీ గరాటు తెస్తే అరిగిపోతుందా?" అన్నాడు మా ఆయన వెండెల్.

"తెచ్చేదాన్నే. గొట్టాల్లో ఆ మందు పోశాక దాంతో వంపిన జామ్ నువ్వు తినేవాడివా?" అన్నాను. కారు వెనక సీట్లో మా అమ్మాయి మార్నీ చెవులు మూసుకుంది.

ఏటా అక్టోబరులో మా మామగారు ఓరిన్ ఒక్కరే సాటూత్ కొండలెక్కి, అక్కడ ఉంచిన మా క్యాంపర్‌ను, అంటే చక్రాల మీది ఇంటిని, చలికాలానికి మూసేవారు. నీళ్లు గడ్డకట్టి గొట్టాలు పగలకుండా వాటిల్లో గులాబీ రంగు మందు పోసేవారు. ఎలుకలు గూడు కట్టకుండా పరుపులు నిలబెట్టేవారు. ఆగస్టులో ఆయన పోయారు. సెప్టెంబరులో మేమే వెళ్లి రెండు రోజులు ఉండి, పరుపుల మీద పడుకుని, ఆ కుళాయి నీళ్లే తాగి వచ్చాం. ఇప్పుడు దాన్ని మూసేసి, సోమవారం కొనేవాళ్లకు అప్పగించాలి.

తలుపు తాళం వేసింది వేసినట్టే ఉంది. ఉన్న ఒక్క తాళంచెవీ వెండెల్ జేబులోనే ఉంది. లోపల పరుపులన్నీ నిలబెట్టి ఉన్నాయి. వెండెల్ కుళాయి తిప్పాడు. సన్నగా, గులాబీ రంగులో కారింది.

"నాన్నా, మమ్మల్ని బెదరగొట్టాలని ముందే వచ్చి చేశావు కదూ?" అంది మార్నీ.

"గరాటు లేకుండానా?" అన్నాడు. ముఖంలో మాత్రం నవ్వు లేదు.

మడత బల్ల దగ్గర ముగ్గురం సూపు తాగుతూ కూర్చున్నాం. వెండెల్ చెంచా కింద పెట్టాడు.

"అమ్మడం లేదు. వాళ్లకు నేనే ఫోన్ చేస్తాను. మా నాన్నను లోపల ఉంచి తాళం ఎవరికో ఎలా ఇస్తాను?"